పేరు పెట్టి చేసిన ప్రార్థన

మా మందిరంలో ప్రార్థన అవసరతలు రాసుకునే పని పదకొండేళ్ళుగా నాదే. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చే ఆడవాళ్ళు ఒక్కొక్కరే నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పుకుంటారు. ఒకరికి మోకాళ్ళ నొప్పి, ఒకరి అల్లుడికి పని పోయింది, ఒకరి మనవడికి మూడేళ్ళొచ్చినా మాట రాలేదు. నేను రాసుకుని, లేచి నిలబడి గట్టిగా చదువుతాను. పేరు, ఇంటిపేరు, ఉండే చోటు, కష్టం. చంపాపేట్‌లో రేకుల షెడ్డుగా ఈ మందిరం మొదలుపెట్టిన పాత పాస్టరయ్య అట్లా నేర్పారు. పేరు పెట్టి అడగాలి, ఊరు పెట్టి అడగాలి, అప్పుడే ప్రార్థనకు గురి కుదురుతుందనేవారు. ఫోన్లు వచ్చాక ఈ చదవటం వాట్సాప్ గ్రూపులోకి కూడా వచ్చింది. వారం మధ్యలో ఎవరికైనా ఆపద వస్తే నా గొంతు రికార్డు చేసి పెడతాను. ఆ గ్రూపులో నూట ఎనభై మంది ఉన్నారు.

నేను పదో తరగతి తప్పినదాన్ని. నలుగురిలో నిలబడి చేసే పని నాకు ఇదొక్కటే. దీని మీద నాకు గర్వం ఉండేదని మొన్నటి ఎండాకాలం దాకా నాకే తెలియదు.

మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్ నుంచి సైదాబాద్ వైపు పోయే సందుల్లో ఉంటుంది. కింద మేము, అంటే నేను, మా ఆయన సుందరయ్య. పై పోర్షన్‌లో పన్నెండేళ్ళుగా అరుణమ్మ వాళ్ళు కిరాయికి ఉండేవారు. వాళ్ళది సముద్రం పక్క ఊరు. అరుణమ్మ భర్తకు కొత్తపేటలో టైలరు షాపు. నన్ను వదినా అనేది, మా ఆయన్ని అన్నయ్యా అనేది. వాళ్ళు శనివారం వెంకటేశ్వరస్వామికి పులిహోర చేస్తారు. మేము ప్రసాదం తినమని తెలుసు కాబట్టి, దేవుడి ముందు పెట్టకముందే మా ఇద్దరికీ ఒక గిన్నెలో వేరుగా తీసి పంపేది. పన్నెండేళ్ళలో ఒక్క శనివారం కూడా మరిచిపోలేదు.

మే నెలలో అరుణమ్మ పుట్టింటికి పోతూ మమ్మల్నీ రమ్మని పట్టుబట్టింది. అంతకుముందు చలికాలంలో ఆమెకు ఆపరేషన్ అయినప్పుడు నేను పదిహేను రోజులు పైకీ కిందికీ తిరిగి వండిపెట్టాను. ఆ మాట గుర్తు చేసింది. పైగా నేను సముద్రం చూడలేదని ఆమెకు తెలుసు. యాభై నాలుగేళ్ళొచ్చాయి, బైబిల్లో రోజూ సముద్రం గురించి చదువుతాను, మనసులో మాత్రం సరూర్‌నగర్ చెరువునే కాస్త పెద్దది చేసి ఊహించుకునేదాన్ని.

ఎల్బీనగర్‌లో బస్సెక్కి, చీరాలలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాం. ఆ ఊరి పేరు చినరేవు అనుకోండి. అసలు పేరు చెప్పను. ఎందుకు చెప్పనో మీకే తెలుస్తుంది.

చిన్న ఊరు. ఒకటే పెద్ద వీధి, దానికి అటూ ఇటూ ఇసుక సందులు. ఎండ ముదిరేసరికి కొట్ల తలుపులు సగం మూసుకునేవి. ఊరు దాటితే జీడితోటలు, అవి దాటితే సరుగుడు చెట్లు, వాటి వెనక హోరు. మొదటి రోజు సాయంత్రం ఆ చెట్లలోంచి బయటికి వచ్చి నేను చెప్పులు విడిచి నిలబడిపోయాను. మా ఆయన చాలాసేపు చూసి, ఒంగి ఒక పుడిసెడు నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేశాడు.

“గిన్ని నీళ్ళు పెట్టిండు, ఒక్క గుక్క తాగరాకుంట చేసిండు” అన్నాడు.

“అన్నయ్యా, ఆ మాట మా ఊళ్ళో అనకండి. మా వాళ్ళకి అన్నం పెట్టేది అదేనండి” అని అరుణమ్మ నవ్వింది.

ఆ నాలుగు రోజులూ మేమున్నది అరుణమ్మ చెల్లెలి ఇంట్లో. ఆమె పేరు నాగేశ్వరి అనుకోండి. నలభై లోపు మనిషి. భర్త పోయి ఆరేళ్ళయింది. కూతురు సౌజన్య గుంటూరులో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. నాగేశ్వరికి సముద్రం రోడ్డు మలుపులో తాటాకు పాక ఉంది. పొద్దున్నే ఇడ్లీ, పెసరట్టు. వేట నుంచి వచ్చినవాళ్ళు, బడి పంతుళ్ళు, చీరాల బస్సు కోసం నిలబడేవాళ్ళు అందరూ అక్కడే తినేవారు. ఆదివారాలు కార్లలో సముద్రం చూడటానికి వచ్చే హైదరాబాదు వాళ్ళూ ఆగేవారు. ఆ పాక మీదే తల్లీ కూతుళ్ళ బతుకు, సౌజన్య చదువు.

నేను తెల్లవారుజామునే లేచి ప్రార్థన చేసుకుంటాను. మూడో రోజు అరుగు మీద మోకాళ్ళూని ప్రార్థన ముగించి, చట్నీకి కొబ్బరి తురిమిపెడదామని పాక వెనక్కి వెళ్ళాను. నాగేశ్వరి అక్కడ నీళ్ళ బిందె పక్కన నిలబడి గుప్పెట్లోంచి మాత్రలు నోట్లో వేసుకుంటోంది. నన్ను చూసి మాత్రల అట్ట చీరకొంగులో దాచింది. కొబ్బరి చిప్ప తీసుకుని కూర్చున్నాను. కాసేపటికి ఆమే వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

టీబీ అని చెప్పింది. ఐదు నెలలుగా సర్కారు మాత్రలు వాడుతోంది, ఇంకొక్క నెల. మొదట్లో రెండు నెలలు ఒంట్లో బాగాలేదని పాక మూసేసిందట. తెమడ మళ్ళీ పరీక్ష చేసి, ఇక ఎవరికీ అంటదు, పని చేసుకోవచ్చని డాక్టరమ్మ చెప్పాకే తెరిచిందట. ఊళ్ళో ఎవరికీ తెలియదు. అన్న పట్టాభికి తెలియదు. అరుణమ్మకు కూడా తెలియదు.

“అక్కకన్న చెప్పరాదా బిడ్డా” అన్నాను.

“అక్క ఏడుస్తుంది వదినా. అక్క ఏడిస్తే అన్నయ్యకి తెలుస్తుంది, అన్నయ్యకి తెలిస్తే వీధికి తెలుస్తుంది. నా చేత్తో పెట్టింది ఎవరు తింటారు చెప్పండి?” కొంచెం ఆగి, “మీరు పొద్దున్నే అలా కూర్చుని అడుగుతారు కదా, రోజూ చూస్తున్నాను. మీ దేవుడికి చెప్పండి. మనుషులకి మాత్రం చెప్పకండి” అంది.

చెప్పనని ఆమె చెయ్యి పట్టుకుని మాట ఇచ్చాను. అప్పుడు మనస్ఫూర్తిగానే ఇచ్చాను.

*

తిరిగి వచ్చాక వచ్చిన శుక్రవారం మందిరంలో పదిహేను మంది కూడా లేరు. ఎండలు అట్లా ఉన్నాయి. వచ్చినవాళ్ళు సముద్రం ఎట్లా ఉంది, చేపలు తిన్నారా అని అడిగారు. నా దగ్గరున్నవి పాత అవసరతలే. మోకాళ్ళు, వీసాలు, ఇంటి లోను. చదువుతుంటే నాకే నిద్ర వచ్చినట్టుంది. ఎవరి గొంతులోనూ భారం లేదు.

ఇంటికి వచ్చాక నాగేశ్వరి మనసులోకి వచ్చింది. నిజంగానే వచ్చింది, అది అబద్ధం కాదు. ఒంటరి మనిషి, చాటుగా మాత్రలు మింగుతోంది, ఒక్క నా ప్రార్థన ఏం సరిపోతుంది, సంఘమంతా అడిగితే ఎంత బలం అనుకున్నాను. సంఘానికి చెప్పటం దేవునికి చెప్పటమే కదా అనుకున్నాను. వీళ్ళు హైదరాబాదులో, ఆమె సముద్రం ఒడ్డున, వీళ్ళెవరు, ఆమె ఎవరు అని కూడా అనుకున్నాను. ఇన్ని అనుకున్నానంటే లోపల ఎక్కడో తప్పని తెలుస్తూనే ఉందన్నమాట.

ఫోను తీసుకుని రికార్డు చేశాను. పేరు, ఊరు, సముద్రం రోడ్డు మలుపులో టిఫిన్ పాక, భర్త లేడు, కూతురు చదువుతోంది, టీబీ. చివర్లో గొంతు తగ్గించి, ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పాను. పంపాక దాన్ని నేనే రెండుసార్లు విన్నాను. ఎవరో పెద్ద సేవకురాలు మాట్లాడినట్టు ఉందనిపించింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా సిగ్గు కలిగించేది ఇదే. పంపినందుకంటే, అట్లా కూర్చుని విన్నందుకు.

సాయంత్రానికి వందమందికి పైగా ఆమెన్ పెట్టారు. ఎంతో భారంతో అడిగారమ్మా అని ఇప్పటి పాస్టరయ్య కూడా రాశారు. మా ఆయన అన్నం తింటూ అంతా విని, చెయ్యి కడుక్కోకుండా అట్లాగే కూర్చున్నాడు.

“ఊరి పేరెందుకు చెప్పినవ్?” అన్నాడు.

“ఊరు పేరు లేకుంట ప్రార్థన ఎట్ల చేస్తరయ్యా?”

“ఎందుకు, దేవునికి గా పిల్ల ఇల్లు దొరకదా?”

నాకు కోపం వచ్చింది. ఆయన డిపోలో మెకానిక్‌గా ముప్పై ఏళ్ళు చేసి రిటైరయిన మనిషి, మందిరంలో వెనక కుర్చీలో కూర్చుని సగం ప్రసంగానికి కునుకు తీస్తాడు. ఆయనేం చెబుతాడు నాకు ప్రార్థన గురించి అనుకున్నాను.

*

రెండు వారాలకు, ఒక సోమవారం మధ్యాహ్నం అరుణమ్మ మెట్లు దిగి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. వంటింట్లోకి వచ్చి నా పక్కనే నేల మీద కూలబడింది.

ముందు రోజు ఆదివారం నాగేశ్వరి పాకలో పెసరట్లు పోస్తోందట. ఆ వీధి చివర చిన్న మందిరం ఉంది, దాని మైకు కొబ్బరిచెట్టుకు కట్టి ఉంటుంది. నేనూ చూశాను. ఆరాధన మధ్యలో ఆ పాస్టరు, మన ఊరి సహోదరి నాగేశ్వరి కోసం, సముద్రం రోడ్డులో టిఫిన్ పాక నడుపుకునే ఆమె కోసం, క్షయ వ్యాధి నుంచి విడుదల కోసం ప్రార్థన చేద్దాం అన్నాడట. మంచి మనసుతోనే అన్నాడు. చాలాసేపు, కన్నీళ్ళతో ప్రార్థన చేశాడట. బల్ల మీద తింటున్న నలుగురూ చెయ్యి ఆపేశారు. ఒకతను ప్లేటు అక్కడే వదిలేసి లేచి, సముద్రం దాకా వెళ్ళి నోరు కడుక్కున్నాడు. ఆ సోమవారం పొద్దున ఒక్కరూ రాలేదట.

అరుణమ్మ చెబుతుంటే అది ఎట్లా వెళ్ళిందో నాకు తెలుస్తూనే ఉంది. మా గ్రూపులో సాధన అనే అమ్మాయి ఉంది, ఆమె అక్కను చీరాలలో ఇచ్చారు. సాధన నా మాటల్ని టైపు చేసి అక్కకు పంపింది, అక్క వాళ్ళ పాస్టరుకు చూపింది, ఆయన చినరేవులో ఉన్న తమ్ముడి వరస పాస్టరుకు పంపాడు. తరవాత సాధనను అడిగితే సంతోషంగా చెప్పింది, ఎంతమంది మోకాళ్ళూనారో చూడండి ఆంటీ అని. ఒక్కరి మనసులో కూడా చెడు లేదు. ఇంతమంది మంచివాళ్ళ చేతులు మారి వెళ్ళింది కాబట్టే నా పేరు మాత్రం దారిలో రాలిపోయింది.

“మీకెవరు చెప్పారని పాస్టరును అడిగితే పైనుంచి వచ్చిందన్నాడంట” అంది అరుణమ్మ. “నాగేశ్వరిని ఎంత అడిగినా, ఎవరికి చెప్పావే అంటే నోరు విప్పదు. దానికి తెలుసు వదినా, చెప్పడం లేదు. ఆస్పత్రిలో మాత్రలిచ్చే పిల్ల ఒకతి ఉంది, ఆ పిల్లే చెప్పుంటుంది. మా అన్నయ్య పట్టాభి ఈ రోజు అక్కడికి వెళ్ళి పెద్ద గొడవ చేసొచ్చాడు. రేపు పై ఆఫీసులో కాగితం పెడతాడంట, ఆ పిల్ల ఉద్యోగం ఊడగొట్టేదాకా వదలనంటున్నాడు. మీరు కాస్త మా నాగేశ్వరి కోసం ప్రార్థన చెయ్యండి వదినా.”

పొయ్యి మీద పప్పు పొంగుతోంది. లేచి మంట తగ్గించాను. మూత సరిగ్గా పెట్టాను. గిన్నె అంచు తుడిచాను. ఇంకేమీ మిగల్లేదు తుడవటానికి.

“గా పిల్ల కాదు అరుణా” అన్నాను. “నేను.”

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. మాత్రలు చూసింది, నాగేశ్వరి చెప్పింది, నేను గ్రూపులో పెట్టింది, అన్నీ చెప్పాను. ప్రార్థన కోసమే పెట్టానని కూడా అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుంటేనే చేదుగా ఉంది.

అరుణమ్మ కేక వెయ్యలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఎప్పుడు చెప్పింది మీకు?”

“మూడో రోజు పొద్దుగాల.”

“నేను లోపల పడుకుని ఉన్నాను” అంది. “నాకు చెప్పకుండా మీకు చెప్పిందన్నమాట. మీరైతే ఎవరికీ చెప్పరని.”

లేచి, అన్నకు ఫోన్ చెయ్యాలి, ఆ పిల్ల మీద కాగితం పెట్టకుండా ఆపాలి అని చెప్పి మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆ శనివారం పైనుంచి గిన్నె రాలేదు. ఆషాఢంలో ఇల్లు మారకూడదని ఆగి, శ్రావణం రాగానే నాగోల్‌లో ఇల్లు చూసుకుని వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు తాళంచెవి మా ఆయన చేతికి ఇచ్చి, వెళ్ళొస్తాం అన్నయ్యా అంది. నేను తలుపు వెనకే నిలబడ్డాను.

*

అది తరవాతి సంగతి. అంతకుముందే, జూన్ నెలాఖర్లో, నేనూ మా ఆయనా మళ్ళీ చినరేవు వెళ్ళాం. వెళ్దామన్నది ఆయనే. మందిరంలో రాసే పని సాధనకు అప్పజెప్పి వచ్చాను. గ్రూపులో నేను పెట్టింది తీసేద్దామని చూస్తే అప్పటికి తీయటానికి వీలు లేకుండా పోయింది. ఉన్నా ఏం లాభం.

దారంతా ఒకటే ఆలోచించాను. ఆ చిన్న మందిరానికి వెళ్ళి పాస్టరును అడగాలి, ఆదివారం ఆ మైకులోనే నిలబడి, ఈ వార్త పంపిన మనిషిని నేనే, ఆమెకు అంటుకునే జబ్బు లేదు, అందరూ వచ్చి తినండి అని చెప్పాలి. తప్పు ఒప్పుకోవటం మాకు కొత్త కాదు. పదిమందిలో నిలబడి ఏడ్చి ఒప్పుకుంటే గుండె బరువు దిగుతుంది. నాకు ఆ బరువు దించుకోవాలని ఉంది.

ఆదివారం పొద్దున ఏడున్నరకు పాక దగ్గరికి వెళ్ళాం. బల్లలు ఖాళీగా ఉన్నాయి. నాగేశ్వరి మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆగి, మామూలుగానే, రండి వదినా, కూర్చోండి అన్నయ్యా అంది. ఆమె కాళ్ళ మీద పడదామని ఒంగాను. భుజాలు పట్టి లేపింది, గట్టిగానే పట్టింది.

“రోడ్డు మీద వద్దండి. చూస్తున్నారు.”

నేను అనుకున్నది చెప్పాను. మైకులో చెబుతానన్నాను. ఆమె అట్లకాడ పక్కన పెట్టి నా వైపు సూటిగా చూసింది. అంతవరకు ఆ ముఖంలో కోపం లేదు. అప్పుడు వచ్చింది.

“నా పేరు మళ్ళీ ఆ మైకులోంచి రాకూడదు వదినా. మంచిగా అయినా రాకూడదు. తగ్గిందని మీరు చెప్పినా అది నా జబ్బు గురించి చెప్పడమే కదా. చెప్పుకోవాలనుంటే నేను చెప్పుకుంటాను, నాకు చెప్పుకోవాలనున్నప్పుడు.”

అంత దూరం మోసుకొచ్చిన క్షమాపణ కూడా ఆమె కోసం తెచ్చింది కాదని, నా కోసం తెచ్చుకున్నదని ఆ బల్ల మీద కూర్చుంటే అర్థమైంది.

మా ఇద్దరికీ ప్లేట్లు పెట్టింది. రోడ్డుకు ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చున్నాం, పోయేవాళ్ళకు కనబడేటట్టు. మా ఆయన ఒక ప్లేటు ఇడ్లీ తిని, పెసరట్టు అడిగాడు, అది తిని మళ్ళీ ఇడ్లీ అడిగాడు. ఆయనకు షుగరుంది, ఇంట్లో రెండు ఇడ్లీలకు మించి తినడు. నాగేశ్వరి చట్నీ వడ్డిస్తూ నా వైపు ఒంగి, పెనం చప్పుడులో కలిసిపోయేంత మెల్లగా చెప్పింది.

“మాత్రలు అయిపోయాయి. శుక్రవారం పరీక్ష కాగితం వచ్చింది. ఏమీ లేదన్నారు.” తరవాత, “సౌజన్యకి చెప్పాను. ఇప్పుడు మీకు” అంది.

స్తోత్రం అన్న మాట నా నోటి దాకా వచ్చింది. నలభై ఏళ్ళుగా మంచి కబురు వింటే పైకి అనటమే అలవాటు. పెదవులు బిగబట్టాను.

అప్పుడే ఒకతను మోటారు సైకిలు ఆపాడు. లుంగీ, భుజం మీద వల సంచి. బండి దిగకుండానే, పాకలోకి చూసి, మా ఆయన్ని పలకరించాడు.

“ఏ ఊరండి మీది?”

“హైదరాబాద్.”

“కొత్తవాళ్ళు గదా, అడుగుతున్నా. రోజూ ఇక్కడే తినేవాణ్ణి. ఆవిడకేదో ఉందన్నారండి. నిజమేనంటారా?”

“నాకు తెలిసింది మూడో ప్లేటు తింటున్నననే” అన్నాడు మా ఆయన. “ఇడ్లీ మంచిగున్నది.”

అతను నవ్వాడు గానీ బండి దిగలేదు. ఒక కాలు నేల మీద ఆనించి, ఇడ్లీ ఆవిరి వైపు చూస్తూ నిలబడ్డాడు. తినాలని ఉందని తెలుస్తూనే ఉంది. తరవాత నా వైపు తిరిగాడు, నేనేమైనా చెబుతానేమోనని. ఒక్క మాట చాలు. మొన్న శుక్రవారమే కాగితం వచ్చిందయ్యా, ఏమీ లేదన్నారు అంటే చాలు, బహుశా దిగి కూర్చుంటాడు, అతని వెనక ఇంకొకరు వస్తారు. ఆ మాట నా నాలుక మీద ఉంది.

నాగేశ్వరి పెనం మీద నీళ్ళు చల్లి, తల ఎత్తి నన్ను చూసింది.

నేను ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. ఇంకో ముక్క పెట్టుకున్నాను. అతను కాసేపు చూసి, బండి స్టార్టు చేసుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.